'కంటేజియస్' అంటే ఏంటి? ఒక ఇంగ్లీషు మాట, మన 'అంటు', రెండు గ్లాసుల కథ

వెనక హోరు వినిపిస్తోంది కదా, అది మైక్ ప్రాబ్లం కాదు, సముద్రం. ఈ ఎపిసోడ్ వాడరేవులో షూట్ చేస్తున్నాం. అటు లైట్‌హౌస్, ఇటు పడవలు, ఎండబెట్టిన చేపలు. వాసన మీకు వీడియోలో రాదు, అదొక్కటే అదృష్టం.

వాడరేవు పేరు చూడండి. 'వాడ' అంటే ఇక్కడ వీధి కాదు, ఓడ. ఓడలు ఆగే రేవు. ఏ రేవులో అయినా సరుకుతో పాటు మనుషులు దిగుతారు, మాటలు దిగుతాయి, ఒక్కోసారి జబ్బులూ దిగుతాయి. అందుకే జబ్బుకి సంబంధించిన ఒక ఇంగ్లీషు మాట గురించి ఇక్కడ కూర్చుని మాట్లాడదాం అనుకున్నా.

మాట ఏంటంటే, కంటేజియస్.

కరోనా టైంలో ఈ మాట వినని ఫోన్ లేదు. అర్థం అడిగితే అందరూ టక్కున చెప్తాం, 'అంటువ్యాధి' అని. కరెక్టే. కానీ ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి విప్పి చూస్తే లోపల చాలా పెద్ద కథ ఉంది. అది లాటిన్‌లో మొదలై, చీరాల, బాపట్ల, తెనాలి మీదుగా తిరిగి చివరికి మా ఇంటి వంటింట్లోకి వచ్చింది. చివరిదాకా చూడండి, ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది.

ముందు ఇంగ్లీషు వైపు. కంటేజియస్ లాటిన్ నుంచి, ఫ్రెంచ్ మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో 'కాన్' అంటే కలిసి, 'టాంగెరె' అంటే తాకడం. రెండూ కలిపితే ఒకరినొకరు తాకడం. అంతే. అసలు మాటలో జబ్బు అన్నదే లేదు. ఉన్నది తాకడం ఒక్కటే. రోమన్లు ఆ మాటని జబ్బుకీ వాడారు, చెడు సావాసంతో వచ్చే చెడ్డ బుద్ధికీ వాడారు.

ఈ 'టాంగెరె'కి చుట్టాలు చాలామంది. కాంటాక్ట్ దాని నుంచే. నీళ్ళు కంటామినేట్ అయ్యాయి అంటాం, అదీ దాని నుంచే. ఇంటర్‌లో లెక్కల సారు వృత్తానికి టాంజెంట్ గీయించారు గుర్తుందా? వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర తాకి వెళ్ళిపోయే గీత. అదీ ఇదే ఫ్యామిలీ.

నాకు బాగా షాక్ ఇచ్చిన చుట్టం ఇంకొకటి ఉంది. ఇంటీజర్. బీటెక్ ఫస్టియర్‌లో సీ ప్రోగ్రాం రాసిన ప్రతివాడూ మొదటి లైన్లో 'ఇంట్' అని కొట్టినవాడే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను కొన్ని వేలసార్లు కొట్టుంటాను. ఆ మాటకి అర్థం ఏంటని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. 'ఇన్' అంటే కాదు, మిగతాది అదే తాకడం. ఇంటీజర్ అంటే తాకనిది. ఎవరూ ముట్టుకోలేదు, విరగ్గొట్టలేదు, కాబట్టి పూర్తిగా ఉంది. అందుకే పూర్ణాంకం. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

సరే, తాకడం అనే మామూలు మాట జబ్బు మాటగా ఎలా స్థిరపడింది? 1546లో ఇటలీలోని వెరోనాకి చెందిన డాక్టర్, జిరోలామో ఫ్రాకస్టోరో, ఈ కంటేజియన్ మీదే ఒక పుస్తకం రాశాడు. అప్పటికి మైక్రోస్కోప్‌లో సూక్ష్మజీవిని ఎవరూ చూడలేదు. ఆయన ఊహించి చెప్పిందేంటంటే, కంటికి కనిపించని విత్తనాల లాంటివి ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తాయి, మూడు దారుల్లో. ఒకటి, నేరుగా తాకడం. రెండు, రోగి వాడిన బట్టలు, వస్తువులు. మూడు, దూరం నుంచి. రెండో దారికి ఆయన 'ఫోమీస్' అనే లాటిన్ మాట వాడాడు. దానర్థం నిప్పు రాజేయడానికి వాడే ఎండు పుల్లలు, పీచు. అంటే రోగి దుప్పటిలో జబ్బు దాక్కుని ఉంటుంది, సందు దొరకగానే రాజుకుంటుంది అని పోలిక.

మూడో దారి కింద, అంటే దూరం నుంచి వచ్చే వాటిలో, ఆయన ఒక రకం కళ్ళజబ్బుని కూడా వేశాడు. మనకి ఇది బాగా తెలిసిన నమ్మకమే కదా. కళ్ళకలక వచ్చినవాడి కళ్ళలోకి చూడకు, నీకూ వస్తుంది అంటారు. స్కూల్లో వాడు నల్లద్దాలు పెట్టుకుని వస్తే మనమంతా తల పక్కకి తిప్పేవాళ్ళం. నిజానికి చూపుతో రాదు. కళ్ళు నలిపిన చేతులు, ఒకే తువ్వాలు, వీటితో వస్తుంది. వెరోనా డాక్టరూ మన పక్కింటి మామ్మా ఒకేచోట పొరబడ్డారు.

మనవాళ్ళు ఈ సంగతి అసలు గమనించలేదా అంటే, ఇంకా చాలా ముందే గమనించారు. సుశ్రుత సంహితలో ఒకరి నుంచి ఒకరికి సంక్రమించే రోగాల ప్రస్తావన ఉంది. ఒంటిని తాకడం, ఊపిరి తగలడం, కలిసి తినడం, ఒకే పక్క మీద పడుకోవడం, ఒకరి బట్టలూ దండలూ ఇంకొకరు వేసుకోవడం, ఇవీ దారులు అని ఉంది. కళ్ళకలక ఆ జాబితాలోనూ ఉంది, కుష్ఠూ ఉంది. కుష్ఠు దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ఇప్పుడు తెలుగు వైపు. అంటువ్యాధి అనేది మిశ్రసమాసం. వ్యాధి సంస్కృతం, అంటు మాత్రం మన సొంత తెలుగు మాట. తమిళంలో 'అండు' అంటే దగ్గరికి చేరడం. నీకు నేను అండగా ఉంటా అంటాం చూడండి, ఆ 'అండ' కూడా ఈ కుటుంబంలోని మాటే. అంటే ఈ మాట మొదట్లో భయం మాట కాదు. దగ్గరితనం మాట.

మన రోజువారీ వాడుకలోకి రండి. పండక్కి తలంటు పోసుకుంటాం. మామిడి మొక్కకి అంటు కడతాం. బిడ్డ తల్లిని అంటిపెట్టుకుని ఉంటుంది. చొక్కాకి పసుపు అంటుతుంది. వాములో నిప్పు అంటుకుంటుంది. తిన్న కంచాలు అంట్లు అవుతాయి. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. గమనించారా? ఫ్రాకస్టోరో పుస్తకం రాసి చెప్పిన తాకడం, వస్తువు, నిప్పు, ఈ మూడూ మన ఒక్క 'అంటు'లో ఎప్పటి నుంచో కూర్చుని ఉన్నాయి.

ఇక్కడ చీరాల వాళ్ళ కోసం ఒక చిన్న పిట్టకథ. కంటేజియస్‌కి జోడీ మాట ఒకటి ఉంది, ఇన్ఫెక్షన్. అది లాటిన్‌లో 'ఇన్ఫికెరె' నుంచి వచ్చింది. దానర్థం ముంచడం, రంగు అద్దడం, మరక చేయడం. ఇన్ఫెక్షన్ పుట్టింది ఆస్పత్రిలో కాదు, అద్దకం తొట్టి దగ్గర. మనం కూర్చున్న చోటు నుంచి కాస్త దూరంలో ఉన్న చీరాల ఒకప్పుడు తేలియా రుమాళ్ళకి పేరున్న ఊరు. నూలుకి నూనె పట్టించి, ఆరబెట్టి, మళ్ళీ పట్టించి, అప్పుడు రంగులో ముంచేవాళ్ళు. రంగు పోగు లోపలిదాకా ఎక్కాలి, ఉతికినా పోకూడదు. ఒంట్లోకి జబ్బు ఎక్కడాన్ని చూసిన పాతకాలం మనిషికి గుర్తొచ్చింది ఇదే, నూలుకి రంగు పట్టడం.

మరి ఇన్ఫెక్షియస్, కంటేజియస్ రెండూ ఒకటేనా? కాదు. చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. సూక్ష్మజీవి ఒంట్లో చేరి వచ్చే ఏ జబ్బయినా ఇన్ఫెక్షియస్. అందులో మనిషి నుంచి మనిషికి వెళ్ళేది కంటేజియస్. ధనుర్వాతం ఇన్ఫెక్షనే, కానీ రోగి పక్కన కూర్చుంటే రాదు. మలేరియా ఇన్ఫెక్షనే, కానీ రోగి చెయ్యి పట్టుకుంటే రాదు. మధ్యలో దోమ ఉండాలి. ఈ సంగతి తేలింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకుముందు చెడ్డ గాలి వల్ల అనుకునేవాళ్ళు. మలేరియా అనే పేరుకి ఇటాలియన్‌లో అర్థం కూడా అదే, చెడు గాలి.

కలరా కథా అంతే. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టర్ చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళని మ్యాప్ మీద గుర్తుపెట్టుకుంటూ వెళ్తే, అవన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక్క నీళ్ళ పంపు చుట్టూ తేలాయి. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తా వచ్చి చెరువు నీళ్ళలో కలరా క్రిమిని చూశాడు. అంటే కలరాలో దోషం ప్రధానంగా మనిషి చెయ్యి తాకడంలో లేదు, మురికి కలిసిన నీళ్ళలో ఉంది.

సైన్స్ రెండు వందల ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే. 'తాకితే వస్తుంది' అన్న ఒక్క గంపగుత్త మాటని తీసుకుని, విడివిడిగా ప్రశ్నలు వేయడం. ఏది తాకితే? ఎంతసేపు? నీళ్ళా, తుంపరలా, దోమా? ఏ రోజు వరకు? నేను ఉద్యోగంలో బగ్ వెతికేదీ ఇలాగే. 'సిస్టం పాడైంది' అంటే సరిపోదు, ఏ లైన్లో అన్నది చెప్పాలి.

మరి మాట మారలేదు కదా. మాట ఇంకా 'తాకడం' దగ్గరే ఆగి ఉంది. దాని ఫలితం ఏంటో చూడాలంటే వాడరేవు నుంచి బాపట్ల వెళ్దాం.

బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ కుష్ఠు ఆస్పత్రి పేరు ఈ చుట్టుపక్కల పెద్దవాళ్ళకి తెలుసు. బెథనీ కాలనీ కూడా ఉంది, జబ్బు వచ్చి ఇళ్ళు వదలాల్సి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు ఉండే కాలనీ. కుష్ఠు క్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లోనే గుర్తించాడు. అది చాలా నెమ్మదిగా, చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా ఉంటే వచ్చే జబ్బు. ఎక్కువమంది ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. చెయ్యి కలిపితేనో పక్కన కూర్చుంటేనో రాదు. 1890-91లో మన దేశం మీద పనిచేసిన లెప్రసీ కమిషన్ కూడా, ఈ జబ్బు అంటుకునే గుణం పట్టించుకోనక్కర్లేనంత తక్కువ అని తేల్చింది.

తర్వాత ఏం జరిగిందో తెలుసా? 1898లో లెపర్స్ యాక్ట్ వచ్చింది. వీధుల్లో అడుక్కునే రోగుల్ని పట్టుకుని ఆశ్రమాలకి పంపొచ్చు. తినే వస్తువులు చేసి అమ్మకుండా ఆపొచ్చు. ఊరి బావిలో, చెరువులో నీళ్ళు తోడకుండా ఆపొచ్చు. ప్రభుత్వం వేసిన కమిషనే భయం అక్కర్లేదంది, ప్రభుత్వమే భయాన్ని చట్టం చేసింది. 1982 నుంచి కుష్ఠుకి బహుళ ఔషధ చికిత్స ఉంది. మందు మొదలుపెట్టాక రోగి నుంచి ఇంకొకరికి సోకదు. ఆ చట్టం మాత్రం రద్దయింది 2016లో. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడగొచ్చన్న నిబంధన పోయింది 2019లో. మందుకి, చట్టానికి మధ్య ముప్ఫై ఏళ్ళకు పైనే. మన మనసు ఇంకా ఎన్నేళ్ళు తీసుకుంటుందో మీరే చెప్పాలి.

ఇప్పుడు అసలు చోటుకి వస్తున్నా. 'అంటు' కుటుంబంలో ఒక మాట నేను కావాలనే ఇందాక చెప్పలేదు. అంటరాని.

అంటువ్యాధి, అంటరానితనం. రెండూ ఆ 'అంటు' కుటుంబంలోవే. మొదటిదాంట్లో జబ్బు నిజం. రెండోదాంట్లో జబ్బే లేదు. క్రిమి లేదు, తుంపర లేదు, నీళ్ళ దోషం లేదు. కానీ జబ్బుకి పాటించే రూల్స్ అన్నీ మనుషుల మీద పెట్టేశారు. వేరే బావి, వేరే గ్లాసు, వేరే వీధి, వేరే శ్మశానం. పైగా జబ్బుకైనా ఒక గడువు ఉంటుంది. దీనికి పుట్టినరోజు ఉంది, తగ్గే రోజు లేదు.

మనం కూర్చున్న ఈ చుట్టుపక్కలే రెండు ఊళ్ళ పేర్లు మీకు చెప్పాలి. చాలామంది తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఈ పేర్లు తెలిసి ఉండవు. సిలబస్‌లో మాకు లేవు, నేను కూడా ఉద్యోగంలో చేరాకే చదివా.

ఒకటి కారంచేడు. చీరాలకి దగ్గరే. 1985 జులైలో అక్కడ దళితులు తాగే చెరువు నీళ్ళ దగ్గర ఆధిపత్య కులం యువకులు బర్రెల్ని కడుగుతూ మురికి నీళ్ళు చెరువులోకి పోనిచ్చారు. తాగే నీళ్ళు పాడుచేయొద్దని అడిగితే గొడవయింది. నీళ్ళకి వచ్చిన ఒక దళిత మహిళ, కొట్టబోతే బిందె అడ్డం ఎత్తింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితుల్ని చంపారు. బతికినవాళ్ళు చీరాలకి పారిపోయి వచ్చి తలదాచుకున్నారు. ఒక్కసారి ఆలోచించండి. జాన్ స్నో కనుక ఆ రోజు ఆ గట్టు మీద ఉంటే ఎవరి వైపు నిలబడేవాడు? నీళ్ళు కలుషితం చేయొద్దన్న వాళ్ళ వైపు. సైన్స్ ప్రకారం మైల ఎటు నుంచి వచ్చింది, సంఘం లెక్కలో మైల ఎవరి పేరు మీద ఉంది?

రెండోది తెనాలి దగ్గర చుండూరు. అప్పటి కథనాల ప్రకారం, 1991లో సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న కుర్రాడికి తగిలింది. కాలు తగలడం. కంటేజియస్ అనే మాటకి అసలు అర్థం అదే, తగలడం. అక్కడ మొదలైన గొడవ దళితుల్ని వెలివేసే దాకా వెళ్ళింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. విచారణ కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి జీవిత ఖైదు పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది.

అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం రద్దు చేసింది. 1950 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. కారంచేడు దానికి 35 ఏళ్ళ తర్వాత. చుండూరు 41 ఏళ్ళ తర్వాత. కారంచేడు తర్వాత పుట్టిన ఉద్యమాల ఒత్తిడితోనే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా దారి పడింది.

నేనేదో దూరంగా కూర్చుని ఊళ్ళని తిడుతున్నా అనుకోకండి. మా ఇంటి సంగతి చెప్తా.

మా ఇంట్లో అంట్లు తోమడానికి ఒకావిడ వస్తారు. నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచీ వస్తున్నారు. పేరు చెప్పను, నేను అక్కా అని పిలుస్తా. ఆవిడకి టీ ఇచ్చే స్టీలు గ్లాసు వేరేగా పెరట్లో గూట్లో ఉండేది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే 'శుభ్రత నాయనా' అన్నారు. నేనూ ఓకే అనుకున్నా. మా గ్లాసులన్నీ తోమేది ఆవిడే కదా అన్న లాజిక్ నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా తట్టలేదు.

2021లో నాకు కరోనా పాజిటివ్ వచ్చింది. మేడ మీద గదిలో పడేశారు. కంచం వేరు, గ్లాసు వేరు. మెట్ల మీద పెట్టి, వెనక్కి జరిగి, 'తీసుకో' అని కేకేసేది అమ్మ. నాకు కోపం రాలేదు, కానీ ఆ కేక వినగానే ఏదోలా ఉండేది. సొంత ఇంట్లో నేను తాకింది ఎవరూ తాకట్లేదు. నెగెటివ్ వచ్చాక నా గ్లాసు వేడినీళ్ళలో కడిగి మళ్ళీ స్టాండులో మిగతా వాటితో పెట్టేశారు. అంతే, అయిపోయింది.

ఆ రోజు పెరట్లోకి వెళ్తే గూట్లో అక్క గ్లాసు కనిపించింది. నాది జబ్బు, అందరికీ అంటే జబ్బు, అయినా పదిహేను రోజుల్లో నా గ్లాసు లోపలికొచ్చింది. ఆవిడకి ఏ జబ్బూ లేదు. ఆ గ్లాసు పదిహేనేళ్ళుగా అక్కడే ఉంది.

అమ్మతో పెద్ద డిబేట్ ఏం పెట్టలేదు. గ్లాసు తెచ్చి స్టాండులో పెట్టా. అమ్మ చూసి ఏమీ అనలేదు. మర్నాడు మళ్ళీ పెరట్లో ఉంది. మళ్ళీ తెచ్చా. అలా ఓ వారం నడిచింది. ఆఖరికి అమ్మే అందరి గ్లాసుల్లో కలిపేసింది. ఇప్పుడు ఏది ఎవరిదో గుర్తుపట్టలేం. ఇది గొప్ప విప్లవం అని చెప్పట్లేదు. సిగ్గుతో చెప్తున్నా, ఇంత చిన్న పనికి మా ఇంట్లో ఒక మహమ్మారి రావాల్సి వచ్చింది.

ఆ టైంలోనే ఇంకో మాట కూడా వచ్చింది గుర్తుందా, సోషల్ డిస్టెన్స్. తెలుగులో సామాజిక దూరం అన్నారు. మన దేశంలో ఆ మాటకి ఎంత పాత చరిత్ర ఉందో గుర్తుచేస్తూ చాలామంది అభ్యంతరం చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే ఫిజికల్ డిస్టెన్స్ అనడం మొదలుపెట్టింది. భౌతిక దూరం. ఒళ్ళు దూరంగా ఉండాలి, మనుషులు కాదు. ఒక్క మాట మారితే ఏమవుతుంది అంటారా? ఏ దూరం, ఎంత దూరం, ఎన్ని రోజులు అని అడిగే అవకాశం వస్తుంది.

సో, మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఎవరినైనా 'దగ్గరికి రానివ్వకు' అని ఎవరైనా అంటే, డాక్టర్ అడిగే ప్రశ్నలు అడగండి. ఏ జబ్బు? ఏ దారిలో వస్తుంది? ఎప్పటిదాకా? మూడింటికీ సమాధానం ఉంటే అది జాగ్రత్త, తప్పకుండా పాటించండి. ఒక్కదానికీ సమాధానం లేకపోతే అది జాగ్రత్త కాదు, 'అంటరాని'కి ఇంకో పేరు.

ఇందాక ఇంటీజర్ దగ్గరికి మళ్ళీ వస్తా అన్నా కదా. లాటిన్ వాళ్ళు తాకనిదాన్ని పూర్ణం అన్నారు, కాబట్టి అది పూర్ణాంకం అయింది. మనం కొంతమంది మనుషుల్ని తాకకుండా ఉంచి, వాళ్ళని పూర్తి మనుషులుగా లెక్కేయడం మానేశాం. అంకెల్లో తాకనిది పూర్ణమేమో గానీ, మనుషుల్లో అలా కాదు. తలంటు పోసే చెయ్యి, అంటు కట్టే చెయ్యి, అండగా భుజం మీద పడే చెయ్యి, ఇవి తగిలితేనే మనిషి పూర్తవుతాడు.

అలలు దగ్గరికొచ్చేస్తున్నాయి, ట్రైపాడ్ తడిసేలా ఉంది. మీ ఇంట్లో వేరే గ్లాసు ఉందేమో ఇవాళ ఒకసారి చూడండి. ఉంటే ఏం చేయాలో నేను చెప్పక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం. ఉంటాను మరి.